తీరం మారింది, తప్పు వలసదారుడిదేనా?
అండమాన్, నికోబార్ దీవుల చర్చపై ఒక సమీక్ష

1951 జనాభా లెక్కల నాటికి అండమాన్, నికోబార్ దీవుల జనం 30,971 మంది. 2011 నాటికి 3,80,581 మంది. అరవై ఏళ్లలో పన్నెండు రెట్లు. ఈ పెరిగినవారిలో అత్యధికులు ఓడెక్కి బంగాళాఖాతం దాటి వచ్చినవారు, లేదా అలా వచ్చినవారి పిల్లలు, మనవలు. తూర్పు బెంగాల్ కాందిశీకులున్నారు, తమిళులున్నారు, మలయాళీలున్నారు, ఛోటానాగ్‌పూర్ ఆదివాసీలున్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్లిన మనవాళ్లూ ఉన్నారు. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో ప్రతి వందమందిలో పదమూడు మంది మాతృభాష తెలుగే.

ఆ అరవై ఏళ్లలోనే తీరం కూడా మారింది. కొన్నిచోట్ల ఇసుక తీరాలు సన్నబడ్డాయి. మడ అడవులు వరి మడులయ్యాయి. అడవి నరికిన కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టి పగడపు దిబ్బల మీద పేరుకుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట కుక్కలు తిరుగుతున్నాయి. జనం పెరగడానికీ తీరం చెడటానికీ ఉన్న సంబంధం ఎంత? పర్యావరణవాదులు, చరిత్రకారులు, భూభౌతిక శాస్త్రవేత్తలు, ప్రణాళికా రచయితలు ఈ ప్రశ్నకు తలా ఒక జవాబు చెబుతూ వచ్చారు. గ్రేట్ నికోబార్ మీద తలపెట్టిన భారీ ప్రాజెక్టుతో ఈ పాత వాదం మళ్లీ రాజుకుంది, చిక్కులూ పెరిగాయి.

ఈ వాదంలో ఎక్కువ భాగం తలల లెక్క చుట్టూ తిరిగింది. తీరానికి జరిగిన నష్టానికి ఆ లెక్క సరైన కొలమానం కాదని ఈ వ్యాసం అభిప్రాయం. జనాన్ని ఏ పథకం కింద తెచ్చారు, బతకడానికి తీరం నుంచి ఏం తీసుకోక తప్పని స్థితిలో వాళ్లను నిలబెట్టారు అన్నవే అసలు చూడవలసినవి.

ఎవరు వచ్చారు, దేనికి వచ్చారు

సముద్రం మీదుగా ఈ దీవులకు మనుషులు రావడం బ్రిటిష్‌వారితో మొదలు కాలేదు. అండమాన్ ఆదివాసులు తిని పారేసిన ఆల్చిప్పలు, ఎముకలు శతాబ్దాల తరబడి పేరుకుని తీరం వెంట దిబ్బలయ్యాయి. పురావస్తు శాస్త్రవేత్త జరీన్ కూపర్ తవ్విన ఇటువంటి దిబ్బల వయసు రెండు వేల ఏళ్లకు పైబడింది. వాటిలో కుండ పెంకులు, పంది ఎముకలు దొరికాయి. నికోబారీల పూర్వికులు ఆగ్నేయాసియా వైపు నుంచి పడవల మీద వచ్చి తీరం పొడవునా కొబ్బరి పెంచారు. అండమాన్ తీరాల్లో మాత్రం బ్రిటిష్‌వారు వచ్చేదాకా కొబ్బరి చెట్లు దాదాపు లేవు. మనిషి చెయ్యి పడని, ఆదిమ స్వచ్ఛతతో నిలిచిన తీరం అన్న చిత్రం చెదరాలంటే ఈ సంగతులు గుర్తుండాలి. అయితే ఆ మార్పులు వేల ఏళ్ల మీద పరచుకున్నవి. తర్వాత వచ్చినవి దశాబ్దాల్లో జరిగిపోయాయి.

1789లో బ్రిటిష్ అధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పెట్టిన మొదటి స్థావరం ఏడేళ్లకే మూతపడింది. 1858లో ఖైదీల స్థావరం వచ్చాక మాత్రం వలస ఆగలేదు. 1883లో చాథమ్ దీవిలో రంపపు మిల్లు పెట్టారు. కలప కొట్టడానికి 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ కూలీలను, 1925లో బర్మా నుంచి కరెన్ కుటుంబాలను తెచ్చారు. వేట సరదాకూ మాంసానికీ అన్నట్టు చుక్కల దుప్పులను తెచ్చి వదిలారు. ఇక్కడ వాటిని వేటాడే పెద్ద జంతువు ఏదీ లేదు. అవి దీవి నుంచి దీవికి ఈదుకుంటూ పాకిపోయాయి. 1942 నుంచి 1945 దాకా దీవులను ఏలిన జపాన్ సైన్యం తెచ్చిన ఆఫ్రికా నత్త ఈనాటికీ తోటల్లో తిరుగుతోంది.

స్వాతంత్ర్యం తర్వాత వలస ప్రభుత్వ విధానమైంది. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులను ఓడల మీద తెచ్చి ఒక్కో కుటుంబానికి పదెకరాల చొప్పున ఇచ్చారు. అందులో సగం వరికి పనికొచ్చే పల్లం, సగం కొండ. 1965లో ఒక అంతర్‌శాఖా బృందం దీవుల అభివృద్ధిని వేగవంతం చేయాలని నివేదిక ఇచ్చింది. అటు తర్వాత లిటిల్ అండమాన్‌లో ఓంగే ఆదివాసుల అడవిని తెరిచారు. భారత్, శ్రీలంకల 1964 ఒప్పందం కింద అక్కడి నుంచి వచ్చిన తమిళులను కచ్చాల్ దీవి రబ్బరు తోటల్లో పెట్టారు. గ్రేట్ నికోబార్ తూర్పు తీరంలో మాజీ సైనికుల కుటుంబాలను స్థిరపరిచారు. తెలుగు మత్స్యకారులు, భవన నిర్మాణ కూలీలు వచ్చింది ఈ కాలంలోనే. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవు ఈనాటికీ తెలుగు మాటలతో నిండి ఉంటుంది. 2024లో ఆ నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది.

ఇసుక దగ్గర మొదలుపెట్టాలి

తీరానికి జరిగిన నష్టాల్లో అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇసుక. గోదావరి, వంశధార లాంటి నదులున్న మనకు ఈ కష్టం ఊహకు అందదు. ఈ దీవుల్లో ఇసుక మేటలు వేసే పెద్ద నదులు లేవు. ఇల్లు కట్టాలన్నా, బడి కట్టాలన్నా, జెట్టీకి కాంక్రీటు పోయాలన్నా ఇసుక సముద్రతీరం నుంచే రావాలి. ఆ ఇసుకలో చాలా భాగం పగడాలు, గవ్వలు అరిగి తయారైనది. ఒక దిబ్బ అంత ఇసుకను తయారు చేయడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది, ఒక ట్రక్కు దాన్ని గంటల్లో ఎత్తుకుపోతుంది. పైగా ఉప్పు ఇసుకతో కట్టిన కాంక్రీటులో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఆ కట్టడం తొందరగా పాడై, మళ్లీ కట్టాలంటే మళ్లీ ఇసుక కావాలి.

తీసిన ఇసుక మేర అలలు లోపలికొస్తాయి. ఒడ్డు కొబ్బరి చెట్లు ముందు ఒరుగుతాయి, తర్వాత కూలతాయి. సముద్ర తాబేళ్లకు గుడ్లు పెట్టే చోటు ఇరుకవుతుంది. మిడిల్ అండమాన్ కత్‌బర్ట్ బేలో ఆలివ్ రిడ్లీలు, లిటిల్ అండమాన్‌లో, గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బేలో ప్రపంచంలోకెల్లా పెద్దవైన లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెడతాయి. లిటిల్ అండమాన్‌లో ఉపగ్రహ పరికరాలు తగిలించిన లెదర్‌బ్యాక్‌లలో కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా తీరం వైపు వేల కిలోమీటర్లు ఈదాయి. అంటే ఇక్కడి ఒక ఇసుక తీరం పోతే ఆ నష్టం హిందూ మహాసముద్రం అంచుల దాకా పాకుతుంది.

రెండో పెద్ద మార్పు మడ అడవులది. వరి సాగుకు అలవాటుపడిన బెంగాల్ డెల్టా రైతులకు పల్లం కావాలి. దక్షిణ అండమాన్‌లో ఆటుపోట్లు వచ్చే కాలువలకు అడ్డంగా కట్టలు పోసి, ఉప్పునీటిని ఆపి, మడ నేలను పొలాలుగా మార్చారు. వంటచెరకుకూ గుంజలకూ కూడా మడ చెట్లే. అడవి కొట్టేసిన వాలుల నుంచి తొమ్మిది నెలల వానకు కొట్టుకొచ్చే మట్టి ఎటూ ఆగకుండా పగడాల మీదికే పోయింది.

చేపల సంగతి ఇంత సూటిగా లేదు. దీవుల సముద్రంలో ఏటా 1.48 లక్షల టన్నుల చేపలు పట్టొచ్చని అధికారిక అంచనా. పట్టేది అందులో మూడో వంతు కూడా కాదు. ఈ లెక్క చూపి, వలస మత్స్యకారుల వల్ల నష్టమే లేదని వాదించేవారున్నారు. కానీ చిన్న పడవలు వెళ్లగలిగేది ఒడ్డుకు దగ్గరగా ఉన్న పగడపు దిబ్బలకే. లెక్కలో కనిపించే మిగులంతా లోతు సముద్రంలో ఉంటే, వేట ఒత్తిడంతా తీరపు దిబ్బల మీద పడుతోంది. ట్రోకస్ గవ్వలు, సముద్ర దోసకాయలు తరిగిపోవడానికి ఇదొక కారణం. విదేశీ పడవల దొంగవేట మరో కారణం. సముద్ర దోసకాయలకు 2001లో చట్టరక్షణ కల్పించినా ఆ వేట ఆగలేదు.

నాలుగు వాదాలు

మొదటిది సంరక్షణవాదుల వాదం. దీవి చిన్నది, దాని ఓర్పుకు హద్దుంది, ఆ హద్దు దాటింది కాబట్టి వలస ఆగాలి అన్నది దీని సారం. 1990ల చివర పర్యావరణ సంస్థలు వేసిన కేసులో సుప్రీంకోర్టు శేఖర్ సింగ్ ఆధ్వర్యంలో కమిషన్ వేసింది. ఆ నివేదిక ఆధారంగా 2002 మే 7న కోర్టు ఇచ్చిన ఆదేశాలు ఈ చర్చలో మైలురాయి. ఆదివాసీ రిజర్వుల్లో నరుకుడు ఆపాలంది. ఇసుక తవ్వకాన్ని ఏటా కనీసం 20 శాతం చొప్పున తగ్గిస్తూ, ఐదేళ్లు మించకుండా అప్పటి స్థాయిలో 33 శాతానికి దించాలంది. అటవీ భూమిలో 1978 తర్వాత చేరినవారిని ఆక్రమణదారులుగా పరిగణించి తొలగించాలన్న ఆదేశమూ ఇందులో ఉంది. తీరం పక్షాన ఇంత స్పష్టంగా మాట్లాడిన అధికారిక పత్రం అరుదు. ఇసుక గురించి ఈ వాదం చెప్పినదాన్ని ఎవరూ గట్టిగా ఖండించలేకపోయారు.

రెండోది చరిత్రకారులది. ఉదితి సేన్ 2018లో వెలువరించిన పుస్తకం కాందిశీకులను అండమాన్‌కు పంపిన తీరును పరిశీలించింది. క్లేర్ ఆండర్సన్, మధుమితా మజుందార్, విశ్వజిత్ పాండ్య కలిసి 2016లో తెచ్చిన గ్రంథం దీవుల చరిత్రను కొత్తగా చూసింది. ఈ కోవలోని రచనలు చదివితే తేలేది ఒకటి. రైతు అడవి నరికింది ప్రభుత్వం నరకమన్నందుకు. భూమి ఇచ్చిన షరతే దాన్ని సాగులోకి తేవాలని. అలాంటప్పుడు తరం మారాక అతని మనవడిని విధ్వంసకుడు అనడం ఎక్కడి న్యాయం? 1918లో కూలీగా వచ్చిన ఛోటానాగ్‌పూర్ కుటుంబాల వారసులు చాలామంది దీవుల సంపదను భుజాలమీద మోసి కూడా చేతిలో పట్టా లేకుండా మిగిలారు. 1978 గీత అవతల పడిన కూలీలకు, మత్స్యకారులకు ఈ వాదం అండగా నిలుస్తుంది. అయితే ఒక లోటుంది. బాధ్యత ఎవరిదో తేల్చడంలో మునిగి, తీరం ఎంత పోయిందన్న లెక్కను ఇది ఎక్కువగా పట్టించుకోదు. ఓంగే, జరావా, గ్రేట్ అండమానీ ఆదివాసుల నష్టం కూడా కొన్నిసార్లు కాందిశీకుల కథకు వెనకబడిపోతుంది.

మూడో వాదం భూమిని చదివేవారిది. 2004 డిసెంబరు 26న వచ్చిన 9.1 తీవ్రత భూకంపం ఒక్క ఉదయంలో ఇక్కడి తీరరేఖను తిరగరాసింది. ఉత్తర అండమాన్ పశ్చిమ తీరం మీటరుకు పైగా లేచింది, పగడపు దిబ్బలు నీటిపైకి తేలి ఎండలో చచ్చిపోయాయి. దక్షిణ అండమాన్ సుమారు మీటరు కుంగింది. గ్రేట్ నికోబార్ కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది, అక్కడి దీపస్తంభం నీళ్లలో నిలబడింది. దక్షిణ అండమాన్‌లో వలసదారులు కట్టలు పోసి సాధించిన సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం తిరిగొచ్చింది. దీనికి తోడు 1998, 2010, 2016లలో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారాయి. ఇన్ని పెద్ద దెబ్బల మధ్య మనిషి వేసిన దెబ్బను విడదీయడం కష్టమని వీరంటారు. ఆ మాట నిజమే. కానీ అది మనిషికి క్షమాపత్రం కాదు. భూకంపం తర్వాత గలాథియా బేలో కొన్నేళ్లకు ఇసుక మళ్లీ చేరింది, లెదర్‌బ్యాక్‌లు తిరిగొచ్చాయి. ప్రకృతి దెబ్బకు ప్రకృతి దగ్గర కొంత మందుంది. ఏటేటా ఇసుక ఎత్తుకుపోయే చోట ఆ మందు పనిచేయడానికి వ్యవధే దొరకదు.

నాలుగోది ప్రణాళికావాదం. దీవులు దేశ రక్షణకు కీలకం, మలక్కా జలసంధికి దగ్గర, ఖాళీగా వదలలేం, సరైన పర్యావరణ నిర్వహణతో నష్టం తగ్గించుకోవచ్చు అంటుంది. రక్షణ అవసరాన్ని కొట్టిపారేయలేం. కానీ 1965 నివేదిక నుంచి నేటి గ్రేట్ నికోబార్ దాకా ఈ వాదం దీవిని ఖాళీ స్థలంగా చూస్తూ వచ్చింది, అక్కడే దీని బలహీనత ఉంది.

పక్కపక్కన పెడితే ఈ నాలుగూ నాలుగు వేరువేరు కొలతలు తీస్తున్నాయని తెలుస్తుంది. సంరక్షణవాది జనాన్ని లెక్కిస్తాడు, చరిత్రకారుడు బాధ్యతను తూస్తాడు, భూశాస్త్రజ్ఞుడు మీటర్లలో కొలుస్తాడు, ప్రణాళికాకర్త అవసరాన్ని చూపుతాడు. ఒకరు అడిగే ప్రశ్న వేరు, మరొకరు ఇచ్చే జవాబు వేరు కనుకనే వాదం తెగడం లేదు.

జనం లేని దీవి ఏం చెబుతోంది

తలల లెక్క ఎందుకు చాలదో చూపడానికి ఇంటర్‌వ్యూ దీవి ఒక్కటి చాలు. మిడిల్ అండమాన్‌కు పడమట ఉన్న ఈ దీవిలో వలస గ్రామాలు లేవు. 1950లలో ఉత్తర అండమాన్‌లో కలప లైసెన్సు పొందిన ఒక ప్రైవేటు కంపెనీ దివాలా తీసి, 1962 ప్రాంతంలో తన ఏనుగులను ఇక్కడ వదిలేసిపోయింది. దుంగలు లాగడానికి సముద్రం దాటించి తెచ్చిన ఆ జంతువులు అడవి ఏనుగులయ్యాయి, చెట్లను ఒలిచాయి, వెదురునూ పేము పొదలనూ తొక్కేశాయి. దుప్పులు మొలకల్ని తినేశాయి. అవి ఉన్నచోట అడవి తిరిగి మొలవడం ఎంతగా కుంటుపడుతుందో పర్యావరణ శాస్త్రవేత్త రవూఫ్ అలీ ఏళ్ల తరబడి పరిశీలించి చెప్పారు. దుప్పికీ ఏనుగుకూ వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది కనుక వాటిని తొలగించడమూ సులువు కాదు. వలస గ్రామాలు సున్నా, మార్పు అపారం.

ఇక లిటిల్ అండమాన్. అక్కడ ఓంగేలు ఈనాటికీ కాస్త అటూఇటూగా నూటపాతిక మందే. హట్ బే చుట్టూ వలస గ్రామాలు, బ్రేక్‌వాటర్, రాతి క్వారీ, 1,500 హెక్టార్లకు పైబడిన ఆయిల్‌పామ్ తోట వచ్చాయి. తీరం దెబ్బతిన్న తూర్పు వైపే పథకాలన్నీ ఉన్నాయి. లెదర్‌బ్యాక్‌లు ఎక్కువగా వచ్చే దక్షిణ, పశ్చిమ తీరాలు ఓంగే రిజర్వు వైపున్నాయి. ఇదే దీవి, ఇదే భూకంపం, ఇదే వాన. తేడా అంతా పథకంలో ఉంది.

స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హావ్‌లాక్‌లో మరో రకం వలస నడుస్తోంది. కోవిడ్‌కు ముందు దీవులకు ఏటా ఐదు లక్షల దాకా పర్యాటకులు వచ్చారు. వీళ్లు జనాభా లెక్కల్లో కనిపించరు. కానీ వీళ్ల కోసం కట్టిన గదికి ఇసుక, తాగే నీరు, పారేసే సీసా అన్నీ తీరం ఖాతాలోనే పడతాయి. ఒక కాందిశీకుడి ఇంటికి పట్టిన ఇసుకకూ ఒక రిసార్టుకు పట్టిన ఇసుకకూ పోలికే లేదు. ప్లాస్టిక్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మనిషి అడుగు పెట్టని తీరాల్లోనూ థాయిలాండ్, మలేసియా, మయన్మార్, ఇండోనేసియా సీసాలు కొట్టుకొచ్చి పడుతున్నాయి. ఒడ్డున కనిపించిన చెత్తంతా స్థానికుల మీద వేయడం తప్పు.

తేలని సంగతులు

తీరం అసలు ఎలా ఉండేదన్న కొలత చాలా దీవులకు లేదు. పాత నౌకా పటాలు, తొలి వైమానిక ఛాయాచిత్రాలు, ఉపగ్రహ చిత్రాలు ఉన్నా, భూకంపంతో నేల ఎత్తే మారిపోయినచోట వాటిని నేరుగా పోల్చలేం. దీవి దీవికీ వేరుగా, లేచిన తీరానికీ కుంగిన తీరానికీ విడిగా లెక్కగట్టాలి. ఆ పని ముక్కలు ముక్కలుగానే జరిగింది.

ఇసుకకు ప్రత్యామ్నాయం ఏమిటన్నదీ తేలలేదు. 2004 భూకంపంతో వచ్చిన సునామీ తర్వాత కట్టిన సుమారు 9,800 శాశ్వత గృహాలకు ఇనుప చట్రాలు, పలకలు ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో తెచ్చారు. తీరం మీద భారం తగ్గింది కానీ, నికోబారీల జీవన పద్ధతికి ఆ ఇళ్లు పొసగలేదన్న విమర్శ గట్టిగానే వచ్చింది. కొండరాయి పిండి వాడదామంటే క్వారీలు కావాలి, క్వారీ మట్టి మళ్లీ పగడపు దిబ్బల మీదికే. కలప, వెదురు ఇళ్లకు మళ్లుదామంటే అడవి నియమాలు అడ్డొస్తాయి.

సిప్పీఘాట్ పొలాల భవిష్యత్తు మీద కూడా రెండు మాటలున్నాయి. కట్టలు మళ్లీ పోసి సాగు తేవాలన్నది రైతుల కోరిక. నీరు నిలిచిన ఆ నేలకు పక్షులు చేరాయి, మడ మొక్కలు మొలుస్తున్నాయి, అలాగే వదలాలన్నది ప్రకృతి శాస్త్రవేత్తల కోరిక. రైతుకు సరైన పరిహారం ఇచ్చి రెండో దారిన పోవడమే మేలనిపిస్తుంది. ప్రభుత్వమే ఇచ్చిన పట్టా భూమి అది. పరిహారం లేకుండా పక్షుల కోసం వదులుకోమనడం కుదరదు.

వీటన్నిటినీ మించినది గ్రేట్ నికోబార్. 2011లో దాదాపు ఎనిమిది వేల జనమున్న దీవిలో కంటెయినర్ రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం కట్టాలన్న ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. 130.75 చదరపు కిలోమీటర్ల అడవి మళ్లింపుకు అంతకు ముందు నెలలోనే తొలి దశ ఆమోదం దక్కింది. రేవు వచ్చేది గలాథియా బేలోనే. ఆ అఖాతపు అభయారణ్య హోదాను 2021 జనవరిలోనే తీసేశారు. ముప్పై ఏళ్లలో జనాభా మూడున్నర లక్షలు దాటుతుందని ప్రణాళిక అంచనా. అంటే మొత్తం దీవుల సముదాయానికి అరవై ఏళ్లలో వచ్చిన జనమంతా ఒక్క దీవికి అంతకంటే తక్కువ కాలంలో వస్తుంది. 16,150 పగడపు గుత్తులను వేరేచోట నాటుతామంటున్నారు. 2004లో నాలుగు మీటర్లు దిగిన నేల మీద, తీరపు ఇసుకలోనే గూడు దిబ్బ కట్టే మెగాపోడ్ పక్షికి, లెదర్‌బ్యాక్‌కు, అక్కడి షోంపెన్ ఆదివాసులకు, సునామీ తర్వాత సొంత ఊళ్లకు తిరిగి వెళ్లనివ్వమని అడుగుతున్న నికోబారీలకు ఈ నాటడం జవాబు కాలేదు.

ఇక్కడే ఈ చర్చలోని అన్యాయం నగ్నంగా కనిపిస్తుంది. 2002 ఆదేశాల తర్వాత ఇసుక దొరకని చిన్న మేస్త్రీ, 1978 గీత దాటిన గుడిసె, కట్టెలకు మడ కొట్టిన ఆడమనిషి నియంత్రణ భారం మోశారు. అదే కాలంలో 2011లో వచ్చిన దీవుల రక్షణ నియమాలు 2019 నాటికి సడలి, పెద్ద దీవుల్లో నిర్మాణం నిషేధించిన తీరపు మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించుకుపోయింది. రేపు గ్రేట్ నికోబార్ పట్టణం లేస్తే కట్టేందుకు వెళ్లే కూలీల్లో మన ఉత్తరాంధ్రవాళ్లు తప్పకుండా ఉంటారు. ముప్పై ఏళ్లకు తీరం కరిగాక, అక్కడే పుట్టిపెరిగిన వాళ్ల పిల్లలను దోషులుగా చూపకుండా ఉండాలంటే మూడు పద్దులు ఇప్పుడే, పునాది తీయకముందే, బహిరంగంగా రాయాలి. ప్రతి కట్టడానికి ఇసుక ఎక్కడి నుంచి ఎంత వస్తుంది, ఆ మేర ఏ తీరం లేదా ప్రధాన భూభాగంలో ఏ నది తగ్గుతుంది, ఆ నిర్ణయం మీద సంతకం ఎవరిది.